లూవ్రు చిత్రశాలలో జనసమ్మర్దము

పారిసు నగరమున సీను నదికి కుడియొడ్డున లూవ్రు అను ప్రాసాదము కలదు. 1190 ప్రాంతమున ఫిలిప్పు ఔగుస్తు అను రాజు నగరరక్షణార్థమై దానిని కోటగా కట్టించెను. 1546లో మొదటి ఫ్రాన్సువా ఆ పాతకోటకు బదులు తన నివాసమునకు తగిన మందిరమును మొదలుపెట్టించెను. తరువాతి రాజులు పలువురు తలకొక భాగము చేర్చుచు వచ్చిరి. 1682లో పదునాల్గవ లూయీ తన కొలువును వెర్సాయికి తరలించుకొని పోగా, ఖాళీపడిన గదులలో విద్వత్పరిషత్తులును, చిత్రకారులును, శిల్పులును చేరిరి. రాజులుండిన యింట కుంచెపట్టు పనివారు కాపురముండుట మున్ముందు రాబోవు పెద్దమార్పునకు చిన్న సూచన యని చెప్పవచ్చును.

నేడు ప్రపంచమున ఇన్ని లక్షలమంది ప్రవేశించు చిత్రశాల మరియొకటి లేదు. 2018లో కోటి రెండు లక్షలమంది, 2024లో 87 లక్షలమంది దానిని దర్శించిరి. ముంగిటనున్న గాజు పిరమిడును 1989లో తెరచినప్పుడు ఏటికి నలువది లక్షలమంది వత్తురని లెక్కవేసికొనిరి. వచ్చినవారు దానికి రెట్టింపు. కావున ద్వారమువద్ద బారు, మెట్లమీద బారు, గొప్ప చిత్తరువుల యెదుట బారులు కూడ నిలువలేని గుంపు. “ఇందరిని రానిచ్చుటయే తప్పు, కళ అందరికిని అందునది కాదు” అను మాటను చదువుకొన్నవారి నోటనే నేను పలుమారులు వినియున్నాను. మన తాతలనాడు బాలికల పాఠశాలలను గూర్చియు, గ్రంథాలయములను గూర్చియు ఇట్టి మాటయే వినబడుచుండెను. ఈ మాట నిలుచునో నిలువదో తెలియవలెనన్న, లూవ్రు తలుపులు మొదట ఎవరికొరకు తెరవబడెనో చూడవలెను.

రాజులకాలమున చిత్తరువులు రాజుల సొత్తు. వానిని చూచుట దయాధర్మముచే లభించు భాగ్యమే గాని హక్కు కాదు. 1737 మొదలుకొని లూవ్రులోని ఒక చతురపు శాలలో జీవించియున్న చిత్రకారుల కొత్తపనులను ప్రదర్శించుట వాడుకయై, దానికి రుసుము లేకుండ సామాన్యులును వచ్చుచుండిరి. ప్రాచీనుల పటములకు మాత్రము అట్టి యవకాశము లేకుండెను. 1750లో పదునైదవ లూయీ తన పటములలో నూరింటిని లుక్సెంబర్గు మందిరమున వారమునకు రెండుదినములు చూపించుటకు ఒప్పుకొనెను. 1779లో ఆ మందిరము రాజసోదరుని నివాసమునకు కావలసివచ్చినందున దానిని మూసివేసిరి. ఇచ్చినవాడు పుచ్చుకొనుటకును అధికారి యని దీనివలన తెలియుచున్నది.

1792 ఆగస్టు 10వ తేదీన రాజరికము కూలెను. సరిగా ఒక సంవత్సరమునకు, 1793 ఆగస్టు 10వ తేదీన, లూవ్రును జాతీయ చిత్రశాలగా ప్రకటించి తెరచిరి. అప్పుడందున్న పటములు 537. రాజునుండియు, మఠములనుండియు, దేశము విడిచిపోయిన ప్రభువులనుండియు స్వాధీనము చేసికొన్నవి అవి. విప్లవప్రభుత్వము ఏడుదినముల వారమును తీసివేసి పదిదినముల వారమును పెట్టినది గదా. ఆ పదింటిలో మొదటి ఐదును చిత్రకారుల యభ్యాసమునకు, రెండు ఊడ్చి శుభ్రపరచుటకు, కడపటి మూడు సర్వజనులకును కేటాయించిరి. ప్రవేశమునకు రుసుము లేదు, సిఫారసుచీటి లేదు. అంతకుముందే 1759లో తెరువబడిన లండనులోని బ్రిటిషు మ్యూజియమునకు పోగోరువాడు ముందుగా దరఖాస్తు పెట్టుకొని, టిక్కెట్టు వచ్చువరకు కాచుకొని, చిన్నజట్టులో కలిసి త్వరత్వరగా నడువవలసి యుండెను. పారిసులోనో, కూలివాడు పనిబట్టలతోనే రాజుగారి గోడమీది చిత్తరువును చూడవచ్చెను. అనగా నేడు మనము విసుగుకొనుచున్న ఈ గుంపు ఆ చిత్రశాలకు తరువాత పట్టిన తెగులు కాదు. ఆ యిల్లు తెరచినది గుంపుకొరకే.

ఇంత గొప్పకార్యము చేసినవారే వెంటనే మరియొక పని చేసిరి. స్వాతంత్ర్యము గల దేశమే కళలకు తగిన యిల్లు అని తర్కించి, యుద్ధములో గెలిచిన దేశముల చిత్తరువులను, శిల్పములను పారిసునకు తరలింపసాగిరి. ఇటలీనుండి వచ్చిన సొమ్మును 1798 జూలై నెలలో వీధులవెంట జయోత్సవముగా ఊరేగించిరి. వెనీసు నగరమునందలి సాన్ జార్జియో మఠపు భోజనశాలకొరకు వెరొనీసు అను చిత్రకారుడు 1563లో ముగించిన “కానా వివాహవిందు” అట్లు తేబడినదే. ఎత్తు ఏడు మీటర్లకును వెడల్పు పది మీటర్లకును కొంచెమే తక్కువయగు ఆ వస్త్రమును 1797లో గోడనుండి దించి, అడ్డముగా కోసి, బండ్లకెక్కించి తెచ్చి, మరల పారిసులో కుట్టిరి. నెపోలియను ఓడిపోయిన పిదప 1815లో కొల్లసొమ్ములో చాలభాగము తిరిగిపోయెను. ఈ విందు మాత్రము మరల ప్రయాణమునకు ఓర్వదని చెప్పి, దానికి బదులు లె బ్రూను వ్రాసిన యొక పటమును వెనీసునకు పంపి సరిపెట్టిరి.

ఈ కొల్ల జరుగుచుండగనే 1796లో కత్రమేరు ద కెన్సీ అను ఫ్రెంచి పండితుడు దానిని ఖండించుచు లేఖలు ప్రకటించెను. శిల్పమును దాని నేలనుండియు, వెలుతురునుండియు, పరిసరములనుండియు వేరుచేసినచో దాని యర్థములో సగము నశించునని యాతని వాదము. స్వదేశము గెలుచుచున్న సమయమున ఇట్లు చెప్పుటకు ఎంత గుండె కావలెనో పాఠకులు ఊహింతురు గాక. తెలుగువారికి ఈ వాదము పరాయిది కాదు. వాల్టరు ఎలియటు 1845లో అమరావతిలో త్రవ్వించిన చలువరాళ్లు మద్రాసులో కొన్నాళ్లు పడియుండి, 1859లో ఓడయెక్కి లండను చేరి, 1880 మొదలు బ్రిటిషు మ్యూజియమున నున్నవి. కృష్ణయొడ్డున ఖాళీయగు దిబ్బను చూచిన కన్నులతో ఆ లేఖలను చదివినవానికి వేరే వ్యాఖ్యానము అక్కరలేదు.

ఇక తలుపు తెరచినంత మాత్రమున చూపు వచ్చెనా యను ప్రశ్న మిగిలియున్నది. పందొమ్మిదవ శతాబ్ది మొదటిసగమున సామాన్యజనులకు ఆదివారము మాత్రమే ప్రవేశము. మిగిలినదినములలో చిత్రకారులకును, పాసుపోర్టు చూపిన విదేశీయులకును తలుపులు తెరచుచుండిరి. ఆ దినములలో పటములకు నకళ్లు వ్రాయుచు కూర్చుండువారిలో స్త్రీలు చాలమంది. ప్రభుత్వపు లలితకళాశాల 1897 వరకు స్త్రీలను చేర్చుకొనలేదు. లూవ్రు ఆడుపిల్లలను తరిమివేయలేదు. బెర్తు మొరిజో మొదలగు ప్రసిద్ధ చిత్రకారిణులు అక్కడ పాతపటముల యెదుట కూర్చుండి నకళ్లు వ్రాసి చేయి తిప్పుకొన్నవారే. బడి మూసిన తలుపును చిత్రశాల తెరచినదన్నమాట.

కాని ఆదివారపు జనుల సంగతి వేరు. ఎమీలు జోలా 1877లో ప్రకటించిన “లసొమ్వారు” అను నవలలో దీనిని గూర్చి యొక ప్రకరణము కలదు. బట్టలుతుకు జెర్వేజు అను యువతికిని, ఇంటికప్పులకు తగరపురేకులు వేయు కూపో అనువానికిని పెండ్లి జరిగిన దినమున వాన కురియుటచే, పెండ్లివారందరు ప్రొద్దుపుచ్చుటకు లూవ్రునకు పోవుదురు. వారిలో పెక్కండ్రు అంతకుముందు దానిని చూచినవారు కారు. వారిని ముందుగా ముగ్ధులను చేసినది చిత్తరువులు కావు, అద్దమువలె మెరయు కొయ్యనేల. తరువాత పటముల బంగారు చట్రములు. కూపో మోనాలీసాను చూచి, తన పినతల్లులలో నొకతెవలె నున్నదనును. జెర్వేజు కానావిందు నెదుట నిలిచి ఇది ఏమి కథ యని యడుగును. చట్రముమీద సంగతి వ్రాయకపోవుట తెలివిమాలినపని యని యామె తలంచును. పిదప దారితప్పి, గదివెంట గది తిరిగి, మూయువేళకు భయపడుచు బయటపడుదురు.

ఈ ప్రకరణమును చదివి పామరులను చూచి నవ్వువారున్నారు. నాకు నవ్వు రాలేదు. ఇరువదియేండ్లుగా పిల్లలకు పాఠము చెప్పుచున్నవాడనగుటచే, ఆ గుంపులో సరియైన ప్రశ్న వేసినది జెర్వేజు యొక్కతెయే యని నాకు తోచినది. ఇది ఏమి కథ యని అడిగినవానికి చెప్పువాడు లేనిచోట, ఆ ఖాళీలో కీర్తి వచ్చి కూర్చుండును. ఏది చూడవలెనో తెలియనివాడు ఇతరులు చూచుచున్నదానిని చూచును. లూవ్రులో అటులే జరిగెను.

మోనాలీసా మొదటినుండియు జగత్ప్రసిద్ధ కాదు. లియొనార్డో 1516లో ఫ్రాన్సునకు వచ్చి 1519లో మరణించెను. ఆ పటము మొదటి ఫ్రాన్సువా రాజు సొత్తయ్యెను. కొంతకాలము నెపోలియను పడకగదిలోను ఉండెను. 1849లో లూవ్రువారు వెలకట్టినప్పుడు రాఫేలు వ్రాసిన పవిత్రకుటుంబ చిత్రమునకు దీనికంటె అనేకరెట్లు వెలకట్టిరి. అటుపిమ్మట గోత్యే అను ఫ్రెంచి కవియు, పేటరు అను ఆంగ్ల విమర్శకుడును ఆమె చిరునవ్వులో లేని రహస్యములన్నిటిని కనుగొని వ్రాసి, చదువరులను మోహపెట్టిరి. ఐనను ఆ కీర్తి ఇంకను గ్రంథములు చదువువారిలోనిదే. వీధిలోనికి దానిని తెచ్చినవాడు ఒక దొంగ.

1911 ఆగస్టు 21వ తేదీ సోమవారము, చిత్రశాలకు సెలవుదినము. పెరూజియా అను ఇటలీదేశపు పనివాడు పటమును గోడనుండి తీసి, చట్రమును మెట్లవద్ద వదలి, పలకను తీసికొనిపోయెను. వాడు అంతకుముందు లూవ్రులో పటములకు అద్దములు బిగించు పనిలో నుండినవాడు. మరునాడు ఒక చిత్రకారుడు వచ్చి అడుగువరకు ఎవరికిని తెలియదు. పత్రికలు కొన్నివారములు ఇతర వార్త లేనట్లు దీనినే వ్రాసెను. అపొలినేరు అను కవిని చెరసాలలో పెట్టిరి. పికాసోను పిలిపించి ప్రశ్నించిరి. చిత్రశాలాధ్యక్షుడు పదవి పోగొట్టుకొనెను. వారముదినముల తరువాత లూవ్రు మరల తెరువగా జనులు విరగబడి వచ్చిరి. దేనిని చూచుటకు? నాలుగు మేకులున్న ఖాళీగోడను చూచుటకు. పటము వ్రేలాడుచుండగా దాని యెదుట ఎన్నడును నిలువనివారు, అది లేనిచోటు చూచుటకు వరుసకట్టిరి. నా మతమున, నేటి జనసమ్మర్దము పుట్టినది ఆ దినముననే.

పెరూజియా 1913 డిసెంబరులో ఫ్లోరెన్సునందు దానిని అమ్మజూపి పట్టుబడెను. నెపోలియను దోచుకొన్న సొత్తును మాతృభూమికి చేర్చితినని వాడు చెప్పుకొనగా ఇటలీజనులు కొందరు వానిని దేశభక్తునిగా పొగడిరి. చరిత్ర తెలియని దేశభక్తికి ఇది మంచి ఉదాహరణము. మోనాలీసాను నెపోలియను దోచుకొనలేదు. దోచుకొనబడిన కానావిందు ఆ ప్రాసాదముననే యుండగా దాని పేరెత్తినవాడు లేడు. 1914 జనవరిలో పటము పారిసునకు తిరిగివచ్చెను. 1963లో అమెరికాకు పంపినప్పుడు పదునైదు లక్షలకు పైగాను, 1974లో టోక్యోకు పంపినప్పుడు సుమారు పదునైదు లక్షలమందియు, తలకు కొన్ని నిమేషములు మాత్రము దక్కించుకొని దానిని చూచి పోయిరి. ఈ దొంగతనపు కీర్తి నేటికిని తగ్గలేదు. 2025 అక్టోబరు 19వ తేదీన పట్టపగలు అపొల్లో శాలనుండి రాజాభరణములు దొంగిలింపబడగా, దొంగలెక్కిన గవాక్షము క్రింద నిలిచి ఫోటోలు తీసికొనువారు బయలుదేరిరి.

లండనులో ఉద్యోగము చేయుచున్న మా తమ్ముని చూడబోయినప్పుడు, 2024 మే నెలలో, వాని కుటుంబముతో పారిసు వెళ్లి లూవ్రు చూచితిని. టిక్కెట్టు 22 యూరోలు, అనగా మన లెక్కకు సుమారు రెండువేల రూపాయలు. పదునెనిమిదేండ్ల లోపువారికి ఏ దేశమువారికైనను ఉచితము గనుక తమ్ముని కూతునకు టిక్కెట్టు లేదు. లోపల అడుగడుగునను మోనాలీసాకు దారిచూపు బాణపుగుర్తులే. ఆ శాలలో కొయ్యకంచెల నడుమ వంకరటింకరగా సాగు బారు కలదు. తిరుమలలో కంపార్టుమెంటులలో కూర్చుండి వచ్చినవారికి ఓరిమి కొత్తగా నేర్పనక్కరలేదు. భేదమేమన, అక్కడ గర్భాలయము ముందు జనులు చేతులు జోడింతురు, ఇక్కడ చేతిఫోనులు ఎత్తుదురు. 77 సెంటీమీటర్ల యెత్తు, 53 సెంటీమీటర్ల వెడల్పు గల పలక మందపుటద్దము వెనుక దూరముగా నున్నది. ఎత్తిన ఫోనులలో నూరు మోనాలీసాలు కనబడినవి గాని గోడమీది యొక్కతె సరిగా కనబడలేదు.

పదేండ్ల పిల్లకు పెద్దల వీపులు తప్ప మరేమియు కనబడక వెనుకకు తిరిగెను. వెనుకగోడ నిండ కానావిందు. “పెదనాన్నా, ఆ పిల్లి ఏమి చేయుచున్నది?” అని యడిగెను. నిజమే, కుడివైపు అడుగున ఒక పిల్లి వెల్లకిల పడుకొని కూజాను గీరుచున్నది. అక్కడినుండి యిద్దరమును చూడసాగితిమి: నూటముప్పది మంది జనులు, నడుమ క్రీస్తు, ఆయన యెదుట వాద్యకారులు, వెనుక మాంసము కోయు వంటవారు, నీరు ద్రాక్షారసమైన సంగతిని అప్పుడప్పుడే గుర్తించుచున్న వడ్డనవాడు. కథ చెప్పితిని. మా చుట్టునున్న కొన్నివందలమంది ఆ పెండ్లివిందునకు వీపు త్రిప్పి నిలిచియుండిరి. వెనీసునుండి కోసి తెచ్చిన పటమునకు దక్కిన గౌరవమిది.

తరువాత సుల్లీ పార్శ్వమున పై అంతస్తునకు పోయితిమి. అక్కడ షార్డెను పటములున్న గదిలో నలుగురైన లేరు. షార్డెను 1699లో ఒక వడ్రంగికి పుట్టి, 1779 వరకు జీవించి, రాజులను గాని యుద్ధములను గాని వ్రాయక, వంటపాత్రలను, పండ్లను, ఇంటిలో మెలగు స్త్రీలను, పిల్లలను వ్రాసినవాడు. 1757లో ఆయనకు లూవ్రులోనే నివాసమిచ్చిరి; చచ్చువరకు అందే యుండెను. ఆ కాలపు ప్రదర్శనములలో ఎవరి పటము ఎక్కడ వ్రేలాడదీయవలెనో నిర్ణయించు చిక్కుపని అనేకవత్సరములు ఆయనదే. 1740లో రాజునకు సమర్పించిన “భోజనప్రార్థన” అను చిత్తరువు అక్కడ కలదు. మూరెడుకు కొంచెము మించిన యెత్తు. తల్లి బల్లమీద వడ్డించుచు, చేతులు జోడించి ప్రార్థన అప్పచెప్పుచున్న చిన్నబిడ్డవైపు వంగి చూచుచున్నది. పెద్దబిడ్డ బల్లవద్ద కూర్చుండి చూచుచున్నది. బిడ్డ ఆడుకొను డోలు కుర్చీకి వ్రేలాడుచున్నది. తల్లిచూపులో కోపమును లేదు, గారాబమును లేదు. మాట మరచిపోయినచో అందించుటకు సిద్ధముగా నున్న చూపు. పద్యము అప్పచెప్పించుకొను ప్రతి తెలుగుతల్లికిని ఆ చూపు తెలియును. దీనికి కథ చెప్పవలసిన పని రాలేదు.

ఇట్టి పటములను విప్లవకాలపు రుచి నిర్లక్ష్యము చేసెను. వీరరసము తప్ప మరియొకటి పనికిరాని దినములవి. షార్డెను మరల గౌరవమునకు వచ్చుట శతాబ్ది నడిమిభాగమున. లకాజు అను వైద్యుడు, జీవితమంతయు పాతపటములను, అందును షార్డెను పటములను కొని దాచి, ఆదివారములందు తన యింటి తలుపు తెరచి చిత్రకారులకు చూపుచు, 1869లో చనిపోవుచు ఐదువందల యెనుబదికి పైగా పటములను లూవ్రునకు వ్రాసి యిచ్చెను. రాజు దాచుకొన్నది, సేన దోచితెచ్చినది, వైద్యుడు కొని యిచ్చినది — మూడును ఒక కప్పుక్రింద నున్నవి. సందర్శకులకు ఆ భేదము తెలియజెప్పు పలకలు నేడు ఉన్నమాట నిజమే. జెర్వేజు కోరినట్లు ప్రతి పటమువద్దను సంగతి వ్రాసియున్నది. దానిని చదువుటకు వలయు తీరిక లభించుట లేదు.

ఈ చిక్కు అధికారులకు తెలియనిది కాదు. 2025 జనవరిలో ఫ్రాన్సు అధ్యక్షుడు మాక్రాను, మోనాలీసాకు ప్రత్యేకశాలయు, ప్రత్యేకపు టిక్కెట్టును, తూర్పువైపున కొత్త ద్వారమును 2031 నాటికి ఏర్పరచు ఆలోచనను ప్రకటించెను. ఆ జూన్ 16వ తేదీన సిబ్బంది రద్దీకి ఓర్వలేక కొన్నిగంటలు పని మాని కూర్చుండగా, వేలమంది పిరమిడు బయట ఎండలో నిలిచిపోయిరి. ఐరోపా ఆర్థికమండలికి చెందని దేశములవారికి 2026 జనవరి నుండి టిక్కెట్టు 32 యూరోలు చేయుటకు నిర్ణయించిరి. మరమ్మతులకు ధనము కావలెననుట సత్యమే. వానకారు పైకప్పులను నేనును చూచితిని. ఐనను ఇందులో వింతయొకటి యున్నది. పందొమ్మిదవ శతాబ్దిలో పాసుపోర్టు చూపిన పరదేశి సామాన్యునికి లేని దినమున లోపలికి పోవుచుండెను. నేడు ఆ పాసుపోర్టే వానిచే పదియూరోలెక్కువ కట్టించును. 1793లో తలుపు తెరచినవారు ఈ రెండింటిలో దేనిని మెచ్చుకొనియుందురో నాకు తోచదు. పారిసులోని కూలివానికి నాడు ఇచ్చిన హక్కు, నేడు హైదరాబాదు నుండియో గుంటూరు నుండియో ఒక్కమారే రాగలిగిన బడిపంతులునకు ఇంకను చెల్లునా యనునది తేలవలసిన వ్యాజ్యము. పిల్లలకు మాత్రము తలుపు ఉచితముగనే తెరచియుంచుట ఆ చిత్రశాలవారి వివేకము.

మోనాలీసా తన కొత్తగదికి పోయిననాడు ఆ పాతశాలలో కానావిందు ఒంటరిగా మిగులును. అప్పుడు దాని యెదుట నిలుచువారెందరో, పిల్లిని కనుగొనువారెందరో చూడవలసి యున్నది.